15వ శతాబ్దపు ఇటలీ టారో ముక్కల నకళ్లు: ప్రదర్శనకు ఏ సెట్టు కొనాలి?

హనుమకొండ అధ్యాపకుడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నేను హనుమకొండలోని ఒక డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధిస్తున్నాను. వచ్చే విద్యాసంవత్సరంలో మా విభాగం తరఫున పాతకాలపు ఆటవస్తువుల మీద చిన్న ప్రదర్శన ఏర్పాటు చేయాలని అనుకుంటున్నాము. నిర్మల్‌లో గీసిన గంజీఫా (గుండ్రని పాతకాలపు పేక) ముక్కలు కొన్నింటిని ఒక కుటుంబం వారు మాకు కొద్దిరోజుల కోసం ఇస్తామన్నారు. వాటి పక్కనే మరో అద్దాల పెట్టెలో ఐరోపా పేకముక్కల తొలినాటి నమూనా ఒకటి ఉంచితే, రెండు సంప్రదాయాలు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విడిపోతాయో విద్యార్థులు స్వయంగా చూసి తెలుసుకుంటారన్నది నా ఆలోచన. మిలాన్‌ను ఏలిన విస్కోంతి, స్ఫోర్జా వంశాల వారు 15వ శతాబ్దం మధ్యకాలంలో చేతితో గీయించుకున్న టారో (బొమ్మల తురుపులు ఉన్న ఇటలీ పేక) ముక్కలు అందుకు తగినవని తోచింది. అసలైనవి మన చేతికి వచ్చేవి కావు కనుక నకళ్లతోనే సరిపెట్టుకోవాలి.

అయితే ఆన్‌లైన్‌లో వెతికితే విస్కోంతి పేరుతోనే అనేక సెట్లు కనిపిస్తున్నాయి. ఒకదానిలో బంగారు నేల అద్దంలా మెరిసిపోతుంటే, మరొకదానిలో అదే నేల కాచు పూసిన గోడలా గోధుమరంగులో ఉంది. ఒకదానిలో ముక్క అంచులు చిరిగి, పైభాగాన రంధ్రం కూడా కనిపిస్తుంటే, మరొకదానిలో నిన్ననే అచ్చయినంత కొత్తగా ఉన్నాయి. కొన్ని సెట్లలో ముక్కల మీద అంకెలు, పేర్లు ఉన్నాయి, కొన్నింటిలో లేవు. వీటిలో అసలుకు దగ్గరగా ఉన్నది ఏది? మూల సెట్టులో నాలుగు ముక్కలు దొరకలేదని, వాటి స్థానంలో ఈ కాలపు చిత్రకారులు కొత్తవి గీసి చేర్చారని చదివాను. ప్రదర్శనలో వాటిని ఉంచవచ్చా, తీసివేయాలా? మరొక చిక్కు కూడా ఉంది. టారో అనగానే మా విద్యార్థులకు జాతకం చెప్పేవారే గుర్తుకు వస్తున్నారు. ఆ అపోహ తొలగేలా వివరణ పలకలో ఏమి రాయాలో కూడా తెలిసినవారు చెప్పగలరు. మా దగ్గర ఉన్న డబ్బుతో ఒకటి, మహా అయితే రెండు సెట్లు కొనగలము.

కరీంనగర్ సేకర్త

సార్, విస్కోంతి ముక్కలు అంటే ఒకే సెట్టు అనుకోవడం వల్లనే సగం గందరగోళం వస్తుంది. ఆ వంశాలకు చెందిన చేతిగీత సెట్లలో ప్రధానమైనవి మూడు మిగిలాయి. మీరు చూసిన నకళ్లలో అధికభాగం విస్కోంతి-స్ఫోర్జా అని పిలిచే సెట్టువి. అందులో 74 ముక్కలు మిగిలితే, వాటిలో 35 న్యూయార్క్‌లోని మోర్గన్ లైబ్రరీలోను, 26 బెర్గామో నగరంలోని అకాడెమియా కర్రారాలోను, 13 కొలెయోనీ కుటుంబం వద్ద ఉన్నాయి. రెండవది అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయపు బైనెకీ గ్రంథాలయంలో ఉన్న 67 ముక్కల సెట్టు. మూడవది మిలాన్‌లోని బ్రెరా చిత్రశాలలో ఉంది. అందులో 48 ముక్కలు మిగిలినా, శాశ్వత తురుపులుగా ఉండవలసిన బొమ్మల ముక్కలలో చక్రవర్తి, భాగ్యచక్రం అనే రెండు మాత్రమే దక్కాయి. ఈ మూడింటినీ బోనిఫాచో బెంబో అనే చిత్రకారుడికి, ఆయన కార్ఖానాకు ఆపాదించడం పరిపాటి.

సెట్టు నిర్మాణం తెలియని పాఠకుల కోసం ఒక మాట. నాణేలు, పాత్రలు, కత్తులు, కర్రలు అనే నాలుగు రంగులలో ఒక్కొక్కదానికి పది అంకెముక్కలు, వాటి మీద రాజు, రాణి, అశ్వికుడు, సేవకుడు ఉంటారు. ఈ 56 ముక్కలకు తోడు 21 తురుపులు, ఒక విదూషకుడు కలిస్తే 78 అవుతాయి. మన పేకాటలో తురుపు ఏ రంగు అన్నది ఆటకొకసారి మారుతుంది. ఇక్కడ తురుపుల జాతి మొదటి నుంచి వేరుగా, బొమ్మలతో, స్థిరంగా ఉంటుంది.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. నకలు తయారుచేసేవారు ఎంచుకునే దారులు రెండు. అసలు ముక్కను ఫొటో తీసి ఉన్నది ఉన్నట్టుగా అచ్చువేయడం మొదటిది. అమెరికాలోని యూఎస్ గేమ్స్ సిస్టమ్స్ వారి విస్కోంతి-స్ఫోర్జా సెట్టు ఈ తరహాది, దాని కొలత కూడా అసలుకు దగ్గరగా ఉంటుంది. అసలు ముక్క సుమారు 173 మిల్లీమీటర్ల పొడవు, 87 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుందని గమనించండి. అది సాధారణ పేకముక్కకు దాదాపు రెండింతల పొడవు. దానిని ఒక చేతిలో విసనకర్రలా పరిచి పట్టుకుని ఆడటం ఎలా సాధ్యమన్న ప్రశ్న మీ విద్యార్థులకు రావాలంటే, కొలత తగ్గించిన నకలు పనికిరాదు. రెండవ దారి ఏమిటంటే, ఈ కాలపు చిత్రకారుడు అసలును చూసి మళ్లీ శుభ్రంగా గీయడం, దాని మీద బంగారు ఫాయిల్ అద్దడం. ట్యూరిన్ నగరంలోని లో స్కారబేయో సంస్థ వారి ప్రసిద్ధమైన విస్కోంతి సెట్టు ఈ రెండవ కోవకు చెందుతుంది. మీకు అద్దంలా కనిపించినది బహుశా అదే. చూడముచ్చటగానే ఉంటుంది కానీ ముఖాలలోని కవళికలు నేటి చిత్రకారుడివి.

అంకెలు, పేర్లు ఉన్న సెట్టును నేనైతే ప్రదర్శనకు తీసుకోను. అసలు తురుపుల మీద అంకె గాని, పేరు గాని లేదు. ఏది దేనిని గెలుస్తుందో ఆడేవారు కంఠస్థం చేసుకుని ఉండవలసిందే. ఆ ఒక్క విషయమే నాటి ఆస్థానాలలో ఈ ఆట ఎటువంటివారి మధ్య సాగిందో చెబుతుంది. ముక్క అడుగున అంకె అచ్చువేయగానే ఆ సమాచారమంతా తుడిచిపెట్టుకుపోతుంది.

దొరకని నాలుగు ముక్కలు దయ్యం, బురుజు, నాణేల అశ్వికుడు, కత్తుల మూడు. వీటిలో నాణేల అశ్వికుడు, కత్తుల మూడు తప్పకుండా ఉండే ఉంటాయి, ఎందుకంటే మిగిలిన రంగులలో వాటి జోడీలు ఉన్నాయి. దయ్యం సంగతి అలా కాదు. ఈ మూడు సెట్లలో దేనిలోనూ అది కనిపించదు కనుక, అసలు దానిని గీశారా లేదా అన్నదే పండితుల మధ్య తెగని వాదం. నేటి చిత్రకారుడు గీసిన దయ్యాన్ని మిగిలిన వాటి నడుమ ఉంచితే, ఆ వాదానికి మీరే తీర్పు చెప్పినట్టు అవుతుంది. నాలుగు ఖాళీ అట్టలను అదే కొలతలో కోసి, ఏ ముక్క లేదో వాటి మీద రాసి, వాటి స్థానాలలో ఉంచండి.

మరొక సంగతి. మిగిలిన 74 కూడా ఒకే చేతి పని కాదు. బలం, మితం, నక్షత్రం, చంద్రుడు, సూర్యుడు, లోకం అనే ఆరు తురుపులు శైలిలో స్పష్టంగా వేరుగా ఉంటాయి, వాటిని తరువాత మరొక చిత్రకారుడు గీశాడని చెబుతారు. సూర్యుడి ముక్కలో రెక్కల పసివాడు ఎర్రని సూర్యముఖాన్ని రెండు చేతులతో పైకెత్తి పట్టుకుని ఉంటాడు. వాడి ఒంటి గుండ్రదనాన్ని, ఛాయలను చూసి, వెంటనే ప్రేమికుల ముక్కలోని సన్నని, నిటారు మనుషులను చూడండి. తేడా పిల్లలకు కూడా తెలిసిపోతుంది. మళ్లీ గీసిన సెట్టులో ఈ తేడా చాలావరకు చదునైపోతుంది.

మట్టెవాడ ప్రెస్

బంగారం గురించి నాకు తెలిసినది రాస్తాను. మాది వరంగల్‌లో ఆఫ్‌సెట్ ప్రెస్, పెళ్లిళ్ల కాలంలో శుభలేఖల మీద ఫాయిల్ పని నిత్యం చేస్తుంటాము.

ఇటలీ ముక్కల తయారీలో పొరలు పొరలుగా అతికించిన కాగితపు అట్ట మీద సుద్దపూత వేసి, దాని మీద మెత్తటి ఎర్రమట్టి పూసి, ఆపైన బంగారు రేకు అతికి మెరుగుపెట్టేవారు. తరువాత చిన్న చిన్న ఉక్కు పనిముట్లతో రేకు మీద చుక్కలు, గీతలు, కిరణాలు నొక్కేవారు. అందువల్ల ఆ బంగారం చదునుగా ఉండదు. ముక్కను కొంచెం వంచితే ఒక్కొక్క గుంటలో వెలుగు ఒక్కొక్క కోణంలో పడుతుంది. ఇటువంటి వస్తువును ఫొటో తీసినప్పుడు, దీపం ఎదురుగా ఉంటే తెల్లగా మండిపోతుంది, పక్కన ఉంటే నల్లగా, గోధుమగా పడుతుంది. ఫొటోలోనే పోయిన మెరుపును నాలుగు రంగుల అచ్చు ఎక్కడి నుంచి తెస్తుంది? పసుపు, ఎరుపు, కొంత నలుపు కలిపితే వచ్చేది గోధుమరంగే. అధ్యాపకుల వారు చూసిన కాచురంగు నేల అచ్చు లోపం కాదు, ఆ పద్ధతికి ఉన్న హద్దు.

ఫాయిల్ వేస్తే మెరుపు వస్తుంది కానీ మరో ఇబ్బంది మొదలవుతుంది. వేడి చేసిన బ్లాకుతో సన్నని ఫిల్ము మీది లోహపు పొరను కాగితానికి నొక్కుతాము. బ్లాకు ఎంత మేరకు ఉందో అంత మేరకు ఒకే తీరున, ఏ హెచ్చుతగ్గులూ లేకుండా అంటుకుంటుంది. అసలు ముక్కలలో రేకు అరిగిన చోట కింది ఎర్రమట్టి తొంగిచూస్తుంది. ఆ ఎరుపు వల్లనే పాత బంగారానికి వెచ్చదనం వస్తుంది. ఫాయిల్ కింద అది ఉండదు. పైగా గుంటల నగిషీని అద్దాలంటే ఫాయిల్ తరువాత ఎంబాసింగ్ డై (నగిషీని నొక్కే లోహపు అచ్చు) మరొకటి చేయించాలి, ప్రతి ముక్కకు వేరువేరుగా. ఆ ఖర్చు భరించి 78 ముక్కలకు డైలు చేయించే ప్రచురణకర్త అరుదు. మధ్యేమార్గంగా లోహపు సిరా ఉంది, పాంటోన్ 871 అనే బంగారు సిరా వంటిది. దానిని ముందు అచ్చువేసి, దాని మీద ఫొటో రంగులను పలుచగా అచ్చువేస్తే, మెరుపు తక్కువైనా అరుగుదల, చీకటి కొంతవరకు నిలుస్తాయి. నా కంటికి అదే అసలుకు దగ్గర.

కొనేటప్పుడు లామినేషన్ కూడా అడిగి తెలుసుకోండి. అద్దాల పెట్టెలో దీపం కింద గ్లాసీ (మెరిసే) లామినేషన్ ముక్క పెడితే విద్యార్థులకు బొమ్మకు బదులు దీపమే కనిపిస్తుంది. మెరుపు లేని మ్యాట్ ఫినిష్ అయితే మంచిది.

చేర్యాల రంగులు

సేకర్త గారు చెప్పినదానితో నాకు కొంత అభ్యంతరం ఉంది. చిరుగు, మరక, రంధ్రం ఉన్న ఫొటో నకలే నిజమైనదని, మళ్లీ గీసినది అబద్ధమని ఎందుకు అనుకోవాలి? బెంబో మిలాన్ ప్రభువుకు ముక్కలు అందించిన రోజున వాటికి చిరుగులు లేవు. బంగారం మాసిపోలేదు. నీలం నల్లబడలేదు. ప్రభువు చూసినది కొత్త వస్తువును. ఈనాటి శిథిలరూపాన్ని అచ్చువేసి దానికి అసలు అని పేరు పెట్టడం, ముసలితనపు ఫొటో చూపించి పెళ్లికొడుకు ఇతడే అన్నట్టుగా ఉంటుంది.

మా వైపు పటం కథల సంప్రదాయంలో ఈ విషయం వేరుగా నడిచింది. ఖద్దరు గుడ్డ మీద చింతగింజల జిగురు, గంజి, సుద్దమట్టి కలిపి పూసి ఆరబెట్టి, దాని మీద గీసిన పటాన్ని కథకులు ఊరూరా విప్పి చుట్టి విప్పి చుట్టి వాడేవారు. అది పాడైనప్పుడు కథకుల కులం వారు కొత్త పటం గీయించుకునేవారు, పాతదానిని నీటిలో వదిలేవారు. కొత్తది పాతదానికి నకలు అని ఎవరూ అనలేదు. అదీ పటమే. రేఖ తెలిసిన చేయి మళ్లీ గీసినప్పుడు సంప్రదాయం సాగుతుంది. ఫొటో తీసినప్పుడు ఆగిపోతుంది.

అందుచేత, శ్రద్ధగా మళ్లీ గీసిన సెట్టును కూడా ఒకటి ప్రదర్శనలో పెట్టాలని నా సూచన. అందులో బొమ్మ కనీసం స్పష్టంగా అర్థమవుతుంది. ఉదాహరణకు భాగ్యచక్రం ముక్కలో కళ్లకు గంతలు కట్టుకున్న దేవత చుట్టూ నలుగురు ఉంటారు. పైకి ఎక్కుతున్నవాడు "ఏలుతాను" అని, శిఖరాన కూర్చున్నవాడు "ఏలుతున్నాను" అని, దిగజారుతున్నవాడు "ఏలాను" అని, అడుగున చక్రాన్ని మోస్తున్న ముసలివాడు "నాకు రాజ్యం లేదు" అని లాటిన్‌లో పలుకుతారు. పైనున్నవాడికి గాడిద చెవులు ఉంటాయి. చిన్న ఫొటో నకలులో ఆ చెవులను ఎంతమంది గమనిస్తారు?

కరీంనగర్ సేకర్త

గాడిద చెవులు కనబడకపోవడానికి కారణం ఫొటో కాదండీ, చిన్న కొలత. పూర్తి కొలతలో అచ్చువేసిన ఫొటోలో అవి చక్కగా కనిపిస్తాయి.

పటం ఉదాహరణను నేను కాదనను. అయితే అక్కడ కొత్త పటం గీసినవారు అదే వృత్తిలో, అదే రంగులతో, అదే కథ కోసం గీశారు. విస్కోంతి ముక్కల విషయంలో ఆ పరంపర ఎన్నడో తెగిపోయింది. ఇప్పుడు గీసేవారు కంప్యూటర్ మీదనో, ఆక్రిలిక్‌తోనో, జాతకాల మార్కెట్ కోసం గీస్తున్నారు. రంధ్రం విషయానికి వస్తే, దానిని మచ్చ అనుకుని తుడిచివేయడం నాకు నచ్చదు. చాలా ముక్కల పైఅంచు నడుమ మేకు దిగిన గుర్తు ఉంది, అంటే ఒకప్పుడు ఎవరో వీటిని గోడకో, పలకకో తగిలించారు. ఆటవస్తువు చూసే వస్తువుగా మారిన క్షణానికి అది సాక్ష్యం. ఆటవస్తువుల ప్రదర్శనలో అంతకన్నా విలువైన గుర్తు ఇంకేమి కావాలి?

రెండు సెట్లు కొనగలిగితే రెండూ పెట్టండి, నాకేమీ అభ్యంతరం లేదు. ఒకటే అయితే ఫొటో నకలే.

నిర్మల్ వాసి

మా ఊరి ముక్కలు ప్రదర్శనలో ఉంటాయని చదివి రాస్తున్నాను. పక్కపక్కనే పెట్టినప్పుడు పైకి కనిపించేవి తేడాలే. ఒకటి గుండ్రం, ఒకటి పొడవు. ఒకటి లక్కపూతతో గట్టిగా ఉంటుంది, మరొకటి బంగారు రేకుతో సుకుమారంగా ఉంటుంది. మొఘల్ గంజీఫాలో ఎనిమిది రంగులు, రంగుకు 12 చొప్పున 96 ముక్కలు. దశావతార గంజీఫాలో పది రంగులు, 120 ముక్కలు. రంగుకు రాజు, మంత్రి మాత్రమే బొమ్మముక్కలు, రాణి లేదు. ఇటలీవారు రాణిని చేర్చారు. యేల్ సెట్టులోనైతే స్త్రీ అశ్వికురాళ్లు, స్త్రీ సేవకులు కూడా ఉండి, ఒక్కొక్క రంగుకు ఆరుగురు బొమ్మమనుషులు అవుతారు.

అయితే ఆట లోపలికి వెళితే ఒక చుట్టరికం బయటపడుతుంది, దానిని మీ వివరణ పలకలో తప్పక రాయాలని నా కోరిక. గంజీఫాలో సగం రంగులలో రాజు, మంత్రి తరువాత పది పెద్దది, ఒకటి చిన్నది. మిగిలిన సగం రంగులలో క్రమం తిరగబడి ఒకటి పెద్దది, పది అన్నిటికన్నా చిన్నది అవుతుంది. ఇటలీ తరోక్కి (టారోకు ఇటలీ పేరు) ఆటలలో కూడా సరిగ్గా ఇదే నియమం ఉంది. కత్తులు, కర్రలలో పది గొప్పది. పాత్రలు, నాణేలలో ఒకటి గొప్పది. ఎక్కడి మిలాన్, ఎక్కడి నిర్మల్? ఇంత విచిత్రమైన నియమం రెండు చోట్ల విడివిడిగా పుట్టిందని నమ్మడం కష్టం. ఐరోపాకు పేకముక్కలు 14వ శతాబ్దం చివరి భాగంలో ముస్లిం ప్రపంచం నుంచి చేరాయి. ఈజిప్టు మమ్లూకుల కాలపు ముక్కలు ఇస్తాంబుల్‌లోని తోప్‌కాపి కోటలో ఉన్నాయి, వాటిలో పాత్రలు, నాణేలు, కత్తులతో పాటు పోలో కర్రలు నాలుగవ రంగుగా ఉంటాయి. పోలో తెలియని ఇటలీవారు వాటిని మామూలు కర్రలుగా మార్చుకున్నారు. మన వైపు గంజీఫా పారశీకుల ద్వారా వచ్చింది, బాబరు 1527లో సింధులోని ఒక మిత్రుడికి గంజీఫా పంపినట్టు తన ఆత్మకథలోనే రాసుకున్నాడు. పాత వేరు ఒకటే అనడానికి ఈ తిరగబడిన క్రమం కన్నా గట్టి ఆధారం కంటికి కనిపించే బొమ్మలలో దొరకదు.

దీనిని ముక్కలతోనే చూపవచ్చు. ఇటలీ సెట్టు నుంచి కత్తుల పది, కత్తుల ఒకటి, నాణేల పది, నాణేల ఒకటి తీసి, గెలిచే క్రమంలో పేర్చి, కింద గంజీఫాలోని రెండు రంగులను అదే తీరుగా పేర్చండి. బంగారు బొమ్మముక్కలకే అద్దాల పెట్టె అంతా ఇచ్చేస్తే ఈ పాఠం పోతుంది.

ఇక ఆట చూపించాలంటే విస్కోంతి నకలు కొని ప్రయోజనం లేదు. బొలోన్యా నగరంలో ఈనాటికీ ఆడే 62 ముక్కల సెట్టు ఒకటి ఉంది, అది సాధారణ పేక ధరకే అచ్చవుతుంది. రెండు నుంచి ఐదు వరకు అంకెముక్కలను తీసివేయడం వల్ల 78 కాస్తా 62 అయ్యాయి. అందులో పోప్, స్త్రీ పోప్, చక్రవర్తి, చక్రవర్తిని ఉండవలసిన చోట నలుగురు మూర్లు (ఉత్తర ఆఫ్రికా ముస్లింలు) కనిపిస్తారు. 1725లో పోప్ ప్రతినిధికి కోపం తెప్పించిన ఒక ముక్కల సెట్టు వివాదం ఫలితం అది. పేకముక్కల మీద రాజకీయం ఎంతదాకా పోయిందో చెప్పడానికి మీ తరగతికి పనికివస్తుంది.

హనుమకొండ అధ్యాపకుడు

తిరగబడిన క్రమం గురించి నాకు తెలియదు. ప్రదర్శనకు అదే కేంద్రం అవుతుందని ఇప్పుడే నిర్ణయించుకున్నాను, నిర్మల్ వారికి ప్రత్యేక కృతజ్ఞతలు. మరో రెండు పేర్లు వెతుకులాటలో తరచుగా ఎదురవుతున్నాయి. ఒకటి సోలా బుస్కా, మరొకటి మాంతెన్యా తరోక్కి. ఇవి రెండూ 15వ శతాబ్దానివే అంటున్నారు, ధరలు కూడా అందుబాటులో ఉన్నాయి. విస్కోంతికి బదులు వీటిని పరిశీలించవచ్చా? జాతకాల విషయం ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.

కరీంనగర్ సేకర్త

మాంతెన్యా తరోక్కి అన్న పేరులో ఉన్న రెండు మాటలూ తప్పుదోవ పట్టించేవే. వాటిని ఆ కాలపు చిత్రకారుడు మాంతెన్యా చెక్కలేదు, అవి తరోక్కి ఆడే ముక్కలూ కావు. 1460లలో చెక్కిన 50 రాగిపలక ముద్రలు అవి. బిచ్చగాడి నుంచి పోప్ వరకు సమాజంలోని అంతస్తులు, అపోలో, తొమ్మిదిమంది కళాదేవతలు, విద్యలు, సద్గుణాలు, గ్రహమండలాలు అనే ఐదు వర్గాలుగా, వర్గానికి పది చొప్పున ఉంటాయి. చూడటానికి అందమైనవి, చదువుకోవడానికి మంచివి. కానీ వాటిలో రంగులు లేవు, అంకెముక్కలు లేవు. మీ ప్రదర్శనకు కేంద్రమైన విషయాన్ని అవి చూపలేవు కనుక వదిలేయండి.

సోలా బుస్కా అలా కాదు. అది పూర్తిగా 78 ముక్కలతో మిగిలిన అత్యంత పాత సెట్టు, లోహపు పలక మీద చెక్కి అచ్చుతీసి చేతితో రంగులు వేసినది. దాని మీద ఉన్న ఒక శాసనం నగరం స్థాపించినప్పటి నుంచి 1070వ సంవత్సరాన్ని పేర్కొంటుంది. వెనీస్ 421లో స్థాపితమైందన్న సంప్రదాయాన్ని బట్టి లెక్కిస్తే 1491 అవుతుంది. 2009లో ఇటలీ ప్రభుత్వం దానిని కొని బ్రెరాలో ఉంచింది. అందులోని తురుపులు మామూలు తురుపులు కావు. పోప్, చక్రవర్తి, ప్రేమికుల స్థానాలలో రోమను వీరులు, బైబిలు రాజులు ఉంటారు. అంకెముక్కలలో కూడా మనుషుల బొమ్మలు ఉండటం దాని ప్రత్యేకత. దాని ఫొటోలు 1907లో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి, 1909లో లండన్‌లోనే వెలువడిన, నేడు జాతకాలకు ప్రసిద్ధమైన రైడర్-వెయిట్ సెట్టుకు బొమ్మలు గీసిన పమేలా కోల్మన్ స్మిత్ వాటిని చూసి కొన్ని భంగిమలు తీసుకున్నారు. మూడు కత్తులు గుచ్చుకున్న గుండె బొమ్మ ఈనాడు జాతకం చెప్పేవారి చాలా సెట్లలో ఉంటుంది. దాని మూలం సోలా బుస్కాలో ఉంది. కాబట్టి మీ జాతకాల ప్రశ్నకు జవాబు చెప్పే సాధనంగా అది పనికివస్తుంది.

ఆ జవాబు ఇది. 1440లో ఫ్లోరెన్స్‌లో ట్రియోన్ఫి (టారోకు తొలి పేరు) ముక్కల ప్రస్తావన మొదట కనిపిస్తుంది. తరోక్కి అనే పేరు 1505లో ఫెర్రారా ఆస్థాన లెక్కలలో వస్తుంది. ఆ రెండు చోట్లా అది ఆటే. అవి ప్రాచీన ఈజిప్టు జ్ఞానగ్రంథమని ప్రచారం చేసినది 1781లో పారిస్‌లో కూర్చున్న కూర్ ద జెబ్లాఁ అనే రచయిత. అప్పటికి ఈజిప్టు లిపిని ఎవరూ చదవలేకపోయేవారు కనుక కాదనగలిగినవారు లేకపోయారు. అంటే ముక్కలు పుట్టిన తరువాత మూడు వందల ఏళ్లకు పైగా గడిచాక గాని జాతకం ప్రధానంగా ముందుకు రాలేదు. ఈ మాటలనే పలక మీద రాయండి. విస్కోంతి సెట్టులోని సన్యాసి చేతిలో లాంతరు ఉండదు, ఇసుక గడియారం ఉంటుంది. నేటి జాతకుల సెట్టులోని లాంతరు సన్యాసిని పక్కన పెడితే, అర్థాలు ఎలా మారిపోయాయో ఆ రెండు బొమ్మలే చెబుతాయి.

చేర్యాల రంగులు

ఇసుక గడియారం సంగతి బాగుంది. ఆయన సన్యాసి కూడా కాదు, కాలపురుషుడు అన్నమాట. ఆ ముక్కను ప్రదర్శనలో తప్పక పెద్దదిగా చూపాలి.

నా వాదాన్ని నేను వెనక్కు తీసుకోవడం లేదు. మళ్లీ గీసిన సెట్టులోని ఒక్క ముక్కనైనా పక్కన ఉంచి, ఫొటో నకలుకూ దానికీ తేడా రాయండి.

మట్టెవాడ ప్రెస్

అధ్యాపకుల వారికి ఒక సూచన. మొత్తం సెట్టు కొని, అందులో కొన్ని ముక్కలే పెట్టెలో పెట్టే బదులు, అవసరమైన వాటిని పూర్తి కొలతలో ఇక్కడే అచ్చువేసుకోవచ్చు కదా? యేల్ విశ్వవిద్యాలయం తమ దగ్గరున్న ముక్కల చిత్రాలను పెద్ద రిజల్యూషన్‌లో ఉచితంగా అందుబాటులో ఉంచింది, కాపీహక్కు తీరిన వాటిని వాడుకోవడానికి రుసుము అడగదు. ఆ ముక్కల కొలత 189 మిల్లీమీటర్ల పొడవు, 90 మిల్లీమీటర్ల వెడల్పు. పైగా స్త్రీ అశ్వికురాళ్లు ఉన్నది ఆ సెట్టులోనే. ఇటలీ ప్రభుత్వ మ్యూజియాల వస్తువుల విషయం వేరు, అక్కడ వ్యాపారానికి వాడుకుంటే అనుమతి, రుసుము రెండూ అడుగుతారు కనుక బ్రెరా చిత్రాల జోలికి పోకండి.

హనుమకొండ అధ్యాపకుడు

అలాగైతే ఇలా చేస్తాను. విస్కోంతి-స్ఫోర్జా ఫొటో నకలు ఒక సెట్టు, బొలోన్యా ఆట సెట్టు ఒకటి కొంటాను. యేల్ సెట్టులోని ఆరుగురు బొమ్మమనుషులను ఒక రంగు నుంచి ఎంచి మీ దగ్గర అచ్చువేయిస్తాను. ఒక ముక్కకు మాత్రం లోహపు సిరా, మరొక ముక్కకు ఫాయిల్, మరొకదానికి మామూలు నాలుగు రంగుల అచ్చు వేయించి, మూడింటినీ వరుసగా పెడితే నకలు అంటే ఏమిటో కూడా ప్రదర్శనలో భాగం అవుతుంది. దీనికి ఏ బొమ్మ తీసుకోవాలి?

మట్టెవాడ ప్రెస్

మూడింటికీ ఒకే బొమ్మ తీసుకోండి, లేకపోతే పోలిక కుదరదు. బంగారు నేల ఎక్కువగా, మనిషి బొమ్మ తక్కువగా ఉన్నది అయితే తేడా బాగా తెలుస్తుంది. ఫైలును ఆర్జీబీలో (కంప్యూటర్ తెర రంగులలో) ఉన్నది ఉన్నట్టుగానే పంపండి, సీఎంవైకేకు (అచ్చు సిరాల నాలుగు రంగులకు) మేమే మార్చుకుంటాము. చుట్టూ మూడు మిల్లీమీటర్ల బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) కావాలి. అయితే అసలు ముక్క అంచు ఫొటోలో ఎగుడుదిగుడుగా ఉంటుంది కనుక, అంచును నేరుగా కత్తిరించమంటారా, నల్లని నేల మీద అరిగిన అంచుతో సహా ఉంచమంటారా అన్నది ముందే చెప్పాలి. అట్ట 350 జీఎస్ఎం (చదరపు మీటరుకు 350 గ్రాములు) తీసుకుని రెండు పొరలు అతికిద్దాము, ఒక్క పొర అయితే దీపపు వేడికి వంగిపోతుంది. ఫాయిల్ బ్లాకు తయారుకావడానికి నేల భాగాన్ని వేరుచేసిన నలుపు-తెలుపు ఫైలు అవసరం. దానిని చేతితో గీయవలసిందే, కంప్యూటర్ తనంతట తాను సరిగ్గా వేరుచేయదు. చేర్యాల వారు ఒప్పుకుంటే ఆ గీత పని వారికే అప్పగించండి.

చేర్యాల రంగులు

ఒప్పుకుంటాను. అంచులను మాత్రం అరిగినట్టే ఉంచండి, ఆ ఒక్క విషయంలో సేకర్త గారి మాటే చెల్లనివ్వండి. ముక్క పైనున్న మేకు రంధ్రం ఫాయిల్ కింద పూడిపోకుండా దాని చుట్టూ కొంత ఖాళీ వదులుతాను.